బాప్తిస్మము ఏ నామమున?

గుర్రంకొండ కోట క్రింది వీధులలో ఒకదానినుండి మా కేంద్రమునకు ఒక జాబు వచ్చినది. వ్రాసినవారు ఒక ఆడపిల్ల తండ్రి. పిల్లకు వివాహము కుదిరినది. విందుకు వంటవారితో మాటలు కూడ అయినవి. ఇంతలో చిక్కు వచ్చిపడినది. ఆ పిల్ల నెలల పసికందుగా ఉన్నప్పుడు మదనపల్లె దేవాలయములో పాస్టరుగారు నుదుట నీళ్లు చల్లి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున బాప్తిస్మమిచ్చిరి. వరుని ఇంటివారు వేరొక సమాజమువారు. 'యేసు నామమున' అని పలికి నీట ముంచినదే బాప్తిస్మమనియు, తక్కినది కాదనియు వారి విశ్వాసము. కనుక పెండ్లికి ముందు పిల్ల మరల బాప్తిస్మము పొందవలెనని కబురంపిరి. పిల్ల మేనత్త కథోలికుల ఇంట మెట్టినది. ఒకమారు పొందినదానిని రెండవమారు పొందుట మొదటిదానిని అవమానించుటయే అని ఆమె పట్టు. "అయ్యా, ఇరువైపులవారును నాకు బైబిలునే చూపుచున్నారు. మా పిల్లకు జరిగినది బాప్తిస్మమా, కాదా?" అని ఆ తండ్రి మమ్ము అడిగిరి.

ఇట్టి ప్రశ్నకు తీర్పు చెప్పుట రేడియో కేంద్రము పని కాదు. కాని ఈ వివాదము ఎట్లు పుట్టినదో, ఎవరెవరు ఏమి చెప్పిరో, మన తెలుగులో అది ఏ రూపము దాల్చినదో చెప్పుట మా పనియే. క్రైస్తవులు కాని శ్రోతలకు కూడ ఇందులో ఆసక్తికరమైన విషయములు కలవు. ఒక్క విభక్తి ప్రత్యయముపై మనుష్యుల మోక్షము ఆధారపడునా అను ప్రశ్న ఏ మతమువారికైనను క్రొత్తది కాదు గదా.

చిక్కునకు మూలము క్రొత్త నిబంధనలోనే ఉన్నది. మత్తయి సువార్త చివర, 28వ అధ్యాయమున, పునరుత్థానుడైన యేసు శిష్యులను సమస్త జనులయొద్దకు పంపుచు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అను మువ్వురిని పేర్కొని బాప్తిస్మమియ్యుడని ఆజ్ఞాపించును. అయితే ఆ శిష్యులే ఆ పనికి పూనుకొన్న కథను చెప్పు అపొస్తలుల కార్యములలో ఆ మూడు పేళ్ల వాక్యము ఒక్క చోటనైనను కానరాదు. పెంతెకొస్తు దినమున పేతురు యెరూషలేములో చెప్పినది యేసుక్రీస్తు నామమును గూర్చియే. సమరయలోను, కొర్నేలి ఇంటను, ఎఫెసులోను అట్లే. ఆజ్ఞ ఒక తీరున, ఆచరణ మరియొక తీరున ఉన్నట్లు తోచును. వరుని వారు కార్యముల గ్రంథమును తెరచుచున్నారు. మదనపల్లెవారు మత్తయిని తెరచుచున్నారు. ఇద్దరి వేలును నిజముగా బైబిలుమీదనే ఉన్నది.

ఇక మాటను చూతము. 'బాప్తిస్మము' తెలుగు మాట కాదు, గ్రీకు మాట. ఆ భాషలో దాని క్రియకు ముంచుట, తడుపుట, కడుగుట అని అర్థములు. తెలుగు కథోలికులు దానిని 'జ్ఞానస్నానము' అందురు. ప్రొటెస్టెంటులు గ్రీకు మాటనే తెలుగు చేసికొని ఉంచుకొనిరి. ఇందులో ఒక చమత్కారము కలదు. గ్రీకున అది ఒకడు మరియొకనికి చేయు పని. తెలుగున 'బాప్తిస్మమిచ్చుట', 'బాప్తిస్మము పొందుట' అందుము. అనగా అది దానమువలె, ఉపదేశమువలె, ఒకరు ఇయ్యగా మరియొకరు పుచ్చుకొను వస్తువైనది. ఇచ్చునది అనగానే, ఇచ్చుటకు హక్కు ఎవరిది, ఎవరి పేర ఇచ్చుచున్నారు అను ప్రశ్నలు వెంటనే పుట్టును. మన భాష ఈ తగవునకు కొంత దోహదము చేసినదేమో అని మాకు అనుమానము.

మాటను ఎట్లు తెనిగింపవలెను అను తగవు చిన్నది కాదు. బంగాళములో బాప్టిస్టు పండితులు క్రొత్త నిబంధనను అనువదించినప్పుడు 'ముంచుట' అను అర్థమునిచ్చు మాటనే వాడిరి. తక్కిన సంఘములవారు దానిని ఒప్పలేదు. 1830ల దశాబ్దిలో బ్రిటిషు బైబిలు సంఘము ఆ ప్రతికి ధనసహాయము నిరాకరించెను. అమెరికా బైబిలు సంఘములో అదే కారణమున చీలిక వచ్చి, 1836లో బాప్టిస్టులు వేరు సంఘము పెట్టుకొనిరి. అట్టి తగవు లేకుండ అందరును చదువుకొనగల బైబిలు కావలెనన్నచో అర్థము విప్పని గ్రీకు మాటనే ఉంచుట సులభమైన దారి. చల్లెడివారును, ముంచెడివారును తెలుగున ఒకే మాటను పలుకుచున్నారు.

మాట ఒకటే అయినను విభక్తి ఒకటి కాదు. ఇది మేము శ్రోతలను కొంచెము ఓపికతో వినగోరు భాగము. మత్తయిలోని గ్రీకు మాటకు సరియైన అర్థము 'నామములోనికి'. తెలుగు బైబిలు కూడ అచ్చట అట్లే 'లోనికి' అనినది. పేతురు ప్రసంగమున గ్రీకు విభక్తి వేరు. 'నామము ఆధారముగా' అని చెప్పవచ్చును. తెలుగున 'నామమున' అనిరి. కొర్నేలి ఇంట మూడవ విభక్తి. సమరయలోను ఎఫెసులోను మరల మత్తయిలో వాడినదే. ఒకే పండితుడు వ్రాసిన ఒకే గ్రంథములో మూడు విభక్తులు మారుచుండగా, అచ్చట ఉచ్చరింపబడిన మాటలను అక్షరము తప్పక వ్రాసిపెట్టిరనుట కష్టము. ఇది మా అభిప్రాయము.

'పేరు' అను మాటకు మన వ్యవహారములోనే ఎన్ని అర్థములు లేవు! సర్కారు పేర తాఖీదు తెచ్చిన బంట్రోతు సర్కారు అధికారముతో వచ్చినాడు. అది ఒక అర్థము. తండ్రి తన పొలమును కూతురి పేర వ్రాసినప్పుడు పొలము ఆమె సొత్తగును. అది రెండవ అర్థము. దేవుని పేరు తలచి దీపము వెలిగించినవాడు ఆ పేరును నోట పలుకును. అది మూడవది. 20వ శతాబ్ది ఆరంభమున జర్మను పండితులు ఈజిప్టు ఇసుకలలో దొరకిన పాత గ్రీకు కాగితములను పరిశీలించి, 'నామములోనికి' అను పలుకుబడి లెక్కలలో ఫలానావాని పేర జమకట్టుటకు వాడబడినదని చూపిరి. అట్లయినచో బాప్తిస్మమనగా మనుష్యుని దేవుని పేర పట్టా చేయుట. వాదమంతయు ఈ మూడు అర్థముల నడుమనే నడచుచున్నది. 'యేసు నామమున' అనగా యేసు అధికారముతోనా, యేసు సొత్తగునట్లుగానా, లేక 'యేసు' అను శబ్దమును పలికియా?

మదనపల్లెలో ఈ ప్రశ్నకు జవాబు పుస్తకమెక్కి వచ్చినది. అమెరికాలోని రిఫార్ముడు సంఘము నడపిన ఆర్కాటు మిషను 1853లో ఏర్పడినది. ఆ మిషనుకు చెందిన డాక్టరు జేకబు ఛేంబర్లేను 1863లో మదనపల్లెకు వచ్చెను. ఆయన వైద్యుడు, గుఱ్ఱముమీదను బండిమీదను ఊళ్లు తిరిగిన బోధకుడు. తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షుడు. తమ సంఘపు ఆరాధన క్రమమును ఆయన తెనిగింపగా అది 1873లో మద్రాసున అచ్చయినది. క్రమమనగా పాస్టరు సొంతముగా కల్పింపక చదువవలసిన మాటలు. బాప్తిస్మము నాటి త్రియేక వాక్యము ఆ విధముగా ఈ ప్రాంతపు పల్లెల చెవులకు అలవాటైనది. ఆ మిషను సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘమునందును, దాని మూలముగా 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ప్రారంభమైన దక్షిణ ఇండియా సంఘమునందును కలిసినవి. జాబు వ్రాసిన తండ్రి తన కూతురి బాప్తిస్మమున విన్న మాటలకు ఈ వంశవృక్షము కలదు.

మేనత్త గారి వైపు వంశవృక్షము ఇంకను పాతది. 18వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే ఫ్రెంచి జెసూటు గురువులు పుంగనూరు చేరిరి. వారు సన్న్యాసుల వేషమున ఉండి, శాకాహారులై, ఈ దేశపు మర్యాదలను పాటించిరి. బాప్తిస్మ సంస్కారములో వారికొక ఇబ్బంది ఎదురైనది. అప్పటి లాటిను క్రమములో గురువు తన ఉమ్మిని వ్రేలితో తీసి, సంస్కారము పొందువాని చెవులకును ముక్కునకును తాకింపవలెను. ఎంగిలి యనిన మనవారికి ఎంతటి అసహ్యమో చెప్పనక్కరలేదు. గురువులు ఆ భాగమును విడిచిపెట్టిరి. పుదుచ్చేరికి వచ్చిన పోపు ప్రతినిధి తూర్నోను 1704లో దానిని విడువరాదనెను. బాప్తిస్మమున పెట్టు పేరు పునీతుల పేళ్లలో నుండియే ఎన్నుకొనవలెననియు ఆజ్ఞాపించెను. ఆ వ్యాజ్యము రోములో 40 ఏండ్లు సాగి 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు శాసనముతో ముగిసినది. దీనివలన మనకు తెలియునది ఏమనగా, సంస్కారములో కొన్ని భాగములు ప్రాణము వంటివి, కొన్ని వస్త్రము వంటివి అని ఆ కాలమునకే అందరును ఒప్పిరి. ఉమ్మిని గూర్చి 40 ఏండ్లు పోరాడినవారు నీటిని గూర్చియు, త్రియేక వాక్యమును గూర్చియు ఒక్క దినము పోరాడలేదు. 1969లో సవరించిన క్రమములో ఆ ఉమ్మి కూడ లేదు.

వాక్యము ప్రాణమని ఎప్పటినుండి నిశ్చయమైనది? 1873లో కుస్తుంతునియాలో ఒక గ్రీకు మేత్రాణికి పాత వ్రాతప్రతులలో ఒక చిన్న గ్రంథము దొరకెను. దాని పేరు 'దిదఖే', అనగా ఉపదేశము. 1883లో అచ్చయినది. పండితులు దానిని క్రీస్తుశకము మొదటి శతాబ్ది చివరకో రెండవదాని ఆరంభమునకో చెందినదందురు. అందులో 7వ అధ్యాయము మూడు పేళ్లతో బాప్తిస్మమియ్యుమనును. పారు నీరు మేలు, లేనిచో వేరు నీరు, అదియు చాలనిచో తలపై మూడుమార్లు పోయుము అనును. ఆ గ్రంథమే 9వ అధ్యాయమున, ప్రభువు నామములోనికి బాప్తిస్మము పొందినవారే సహపంక్తి భోజనమునకు అర్హులనును. రెండధ్యాయముల నడుమ ఆ గ్రంథకర్తకు విరోధమేమియు కానరాలేదు. మూడు పేళ్లను పలికి ఇచ్చిన బాప్తిస్మమునే ఆయన 'ప్రభువు నామములోని' బాప్తిస్మమని పిలిచినట్లున్నది. ఈ తగవులో మాకు అన్నిటికంటె బలమైన సాక్ష్యముగా తోచునది ఇదియే.

తరువాతి తరములలో మాటలకంటె మనుష్యులను గూర్చి తగవు వచ్చినది. సంఘమునుండి వెడలిపోయినవారు ఇచ్చిన బాప్తిస్మము చెల్లునా? ఆఫ్రికాలోని కార్తేజు బిషప్పు సిప్రియను చెల్లదనెను. 256లో 87 మంది బిషప్పులు కూడి ఆయన పక్షమున నిలిచిరి. రోమా బిషప్పు స్తెఫను, అట్లు వచ్చినవారికి మరల బాప్తిస్మము వలదు, చేతులుంచి చేర్చుకొనుడనెను. కాలక్రమమున స్తెఫను మాటయే నిలిచినది. ఇచ్చువాని యోగ్యత ఎట్టిదైనను నిజముగా ఇచ్చువాడు క్రీస్తే అని అగస్టీను దానికి పునాది వేసెను. అయితే 325లో నికయ సభ, సమొసట పౌలు అనుచరులు తిరిగి వచ్చినచో మరల బాప్తిస్మమియ్యవలెనని నిర్ణయించినది. త్రిత్వమును గూర్చిన వారి నమ్మకము వేరైనందున మాటలు ఒకటే అయినను చాలవని కొందరి వివరణ.

మాటలు తప్పిపోయినచో? 746 ప్రాంతమున జర్మనీలో ఒక గురువుకు లాటిను రాదు. తండ్రి, కుమార అను మాటల కొసలు మార్చి పలికెను. ఆ భాషలో కొస మారిన మాట మారును. 'తండ్రి' పోయి 'స్వదేశము'ను, 'కుమారుడు' పోయి 'కుమార్తె'యు వచ్చినవి. మహాబోధకుడైన బోనిఫాసు అట్టివారికి మరల బాప్తిస్మమియ్యుమనెను. పోపు జకరియ వలదనెను. ఆ గురువు వేరు మతమును బోధింపలేదు, అతనికి వ్యాకరణము రాలేదు, అంతే అని ఆయన తీర్పు. గుర్రంకొండ ముసలవ్వ ఒకతె 'పరిశుద్ధాత్మ'ను ఎట్లు పలికినను ఆ తీర్పు ఆమెకును వర్తించును. అట్లే మన కథోలికులు 'పిత, పుత్ర, పవిత్రాత్మ' అనుటయు, ప్రొటెస్టెంటులు 'తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ' అనుటయు ఒకదానినొకటి చెరుపవు. సంస్కృతము ఒక చోట, తెనుగు ఒక చోట ఎక్కువైనది, అర్థము ఒకటే.

అయితే కథోలికులు ఈ విషయమున ఎంత ఉదారులో అంత కఠినులు కూడ. వారి ధర్మశాస్త్రమున, ప్రాణాపాయమున ఎవరైనను బాప్తిస్మమియ్యవచ్చును; క్రైస్తవుడే కానక్కరలేదు. ఆసుపత్రిలో నర్సు నీళ్లు పోసి, సంఘము ఉద్దేశించినదే తానును ఉద్దేశించి, ఆ మాటలు పలికిన చాలును. ఇచ్చువాని విషయమున ఇంత వదులు ఉన్నందుననే మాటల విషయమున అంత బిగువు. 2020లో రోములోని విశ్వాస సిద్ధాంతముల కార్యాలయము, 'నేను' అనుటకు మారుగా 'మేము నీకు బాప్తిస్మమిచ్చుచున్నాము' అనినచో అది చెల్లదని ప్రకటించినది. 'మేము' అనుటకు ఇచ్చువాడు ఊరివారి ప్రతినిధి కాడు, క్రీస్తు స్థానమున ఒక్కడే నిలిచినవాడు అని దాని హేతువు. అమెరికాలోని డెట్రాయిటులో ఒక గురువు తన పసితనపు బాప్తిస్మము వీడియోలో ఆ మాట విని, మరల బాప్తిస్మము పొంది, మరల గురుపట్టము పొందవలసి వచ్చినది. 2022లో ఫీనిక్సు నగరమున ఒక గురువు ఏండ్ల తరబడి 'మేము' అనినందున వేలకొలది బాప్తిస్మములు చెల్లనివైనవి. ఈ పుటలలో మేమును 'మేము' అనియే వ్రాయుచున్నాము; బాప్తిస్మమిచ్చు పని మాకు లేకపోవుట మంచిదే అయినది!

తూర్పు దేశపు సంఘములలో ఈ 'నేను' కూడ లేదు. ఫలానా దేవుని సేవకుడు బాప్తిస్మము పొందుచున్నాడు అని వారు అందురు. చేయువాడు తెర వెనుకకు పోవును. 1439లో ఫ్లోరెన్సు సభ ఈ రూపమును కూడ సరియైనదే అని ఒప్పెను.

ఇంతవరకు చెప్పినవారందరును మూడు పేళ్లవారే. వరుని వారి సమాజములకు మూలమైన కథ మిక్కిలి చేరువ కాలమునాటిది. 1913లో అమెరికాలోని లాసేంజలీసు చెంత జరిగిన పెంతెకొస్తు కూటములలో ఒక కెనడా బోధకుడు, అపొస్తలులు యేసు నామముననే బాప్తిస్మమిచ్చిరని ప్రసంగమున చెప్పెను. ఆ మాట కొందరి మనస్సున నాటుకొన్నది. 1914 ఏప్రిలు 15న ఫ్రాంకు యూవర్టు, గ్లెను కుక్కు అను ఇద్దరు బోధకులు ఒకరికొకరు మరల బాప్తిస్మమిచ్చుకొనిరి. పెంతెకొస్తువారిలో పెద్ద చీలిక వచ్చినది. 1916లో అసెంబ్లీసు ఆఫ్ గాడు సభ త్రిత్వ సిద్ధాంతమును గట్టిగా ప్రకటింపగా, యేసు నామమువారు వెలుపలికి పోయిరి. 1945లో వారిలో రెండు సమాజములు కలసి యునైటెడ్ పెంతెకొస్తు సంఘమైనవి. భారతదేశమునకును అది వచ్చినది. తెలుగునాట కూడ ఈ మతమువారు కలరు. పెంతెకొస్తువారందరును ఇట్టివారే అనుకొనరాదు. వారిలో అధికులు మూడు పేళ్లతోనే ముంచుదురు.

వారి వాదమును తేలికగా తీసివేయరాదు. వారిట్లందురు: మత్తయిలో 'నామము' ఏకవచనము, 'నామములు' కాదు. తండ్రి, కుమారుడు అనునవి పేళ్లు కావు, వరుసలు. మన ఊరి ఉపమానముతో చెప్పవలెనన్నచో, ఒక కరణమును తలచుకొనుడు. ఆయన ఇంట పిల్లలకు తండ్రి, తన తల్లికి కుమారుడు, కచేరిలో కరణము. దస్తావేజుమీద 'తండ్రి, కుమారుడు, కరణము' అని వ్రాలు చేయడు. తన పేరు వ్రాయును. ఆ మువ్వురి పేరు ఏమి? యేసు. కనుక యేసు అని పలికిన అపొస్తలులు మత్తయిలోని ఆజ్ఞను మీరలేదు, దానినే నెరవేర్చిరి.

మూడు పేళ్లవారి జవాబు ఇట్లుండును: కరణము ఒక్కడే గనుక ఆ ఉపమానము కుదిరినది. యొర్దాను నదిలో యేసు నీళ్లలో నుండగా ఆకాశమునుండి శబ్దము వినవచ్చినది, ఆత్మ పావురమువలె దిగినది. మూడును ఒకే క్షణమున ఉన్నవి. మరియు ఎఫెసులో పరిశుద్ధాత్మ యున్న సంగతియే వినలేదనినవారిని పౌలు, మరి దేనిలోనికి బాప్తిస్మము పొందితిరి అని అడుగును. బాప్తిస్మమున ఆత్మ పేరు చెప్పు అలవాటు లేనిచో ఆ ప్రశ్నకు అర్థమే లేదు. ఎఫెసువారు మరల బాప్తిస్మము పొందిన మాట నిజమే. కాని వారు మొదట పొందినది యోహాను బాప్తిస్మము.

మత్తయి వాక్యము మొదట చిన్నదిగా నుండి తరువాత పెరిగినదని 20వ శతాబ్ది ఆరంభమున ఆంగ్ల పండితుడు కోనిబేరు వాదించెను. చరిత్రకారుడైన యూసేబియసు దానిని అనేక స్థలములలో మూడు పేళ్లు లేకయే ఉదాహరించుట ఆయనకు ఆధారము. కాని ఆ భాగము నిలిచియున్న గ్రీకు ప్రతులన్నిటిలోను మూడు పేళ్లు కలవు. యేసు నామమువారిలో కొందరు ఇప్పటికిని కోనిబేరును చూపుదురు. అది వారికి అక్కరలేని ఊతకర్ర అని మా తలంపు, ఏలయన వారి ఏకవచన వాదము ఆ వాక్యము నిజమైనదైననే నిలుచును.

ఇట్టి వాదముల నడుమ మన నేలమీద జరిగిన ఒక దినమును తలచుకొనక తప్పదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున వెలంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2222 మందికి బాప్తిస్మమైనది. అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌగు దొర కరవు కాలమంతయు బాప్తిస్మములను ఆపియుంచెను. బువ్వ కొరకు వచ్చినారను మాట రాకూడదని. ఆ దినమున ఆయన నీట దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కసారి ఇద్దరు చొప్పున, సుమారు తొమ్మిది గంటలు ఆ పని చేసిరి. లెక్క వేసి చూడుడు: మనిషికి అర నిమిషము. పేరు పిలుచుట, వాక్యము పలుకుట, ముంచుట, లేపుట. అంతే. మాటలు అంత క్లుప్తమైనవి గనుకనే అది సాధ్యమైనది. ఆ బాప్టిస్టులు మూడు పేళ్లవారు. కాని పసిపిల్లలకు నీళ్లు చల్లుట బాప్తిస్మమే కాదందురు. కనుక గుర్రంకొండ పిల్లకు జరిగినది వారి దృష్టిలోను చాలదు. అయితే వారి ఆక్షేపణ మాటలపై కాదు, వయస్సుపై, నీటి కొలతపై. మన పిల్ల విషయమున ఈ రెండు ఆక్షేపణలును కలసిపోయి ఉన్నవి. వీనిని విడదీసికొనక మాటలాడినచో ఎవరి మాట ఎవరికిని అర్థము కాదు.

బాప్తిస్మమే అక్కరలేదనిన తెలుగువారును లేకపోలేదు. మచిలీపట్టణపు సీమలో కలగర సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనమైనదని చెప్పి, పాటలు కట్టి, రోగులకొరకు ప్రార్థించి, వేలమందిని ఆకర్షించెను. కాని సంఘమును, పాదరీలను, బాప్తిస్మమును అన్నిటిని త్రోసివేసెను. ఆయనయెదుట ఈ జాబును పెట్టియున్నచో ఏమనియుండునో ఊహింపవచ్చును.

ఇక జాబునకు వత్తుము. పిల్లకు జరిగినది బాప్తిస్మమేనా? దక్షిణ ఇండియా సంఘము, లూథరనులు, కథోలికులు అందరును అవుననియే అందురు. నీరు, త్రియేక వాక్యము ఉన్నచోట మరల ఇయ్యరు; కథోలికులు కూడ, అనుమానమునకు గట్టి కారణము లేనిదే షరతుతోనైనను ఇయ్యరాదని 1967నుండి స్పష్టము చేసిరి. 1982లో లీమా నగరమున వివిధ సంఘముల ప్రతినిధులు అంగీకరించిన పత్రము బాప్తిస్మము తిరిగి చేయరానిదనినది. మేనత్త మాట వెనుక ఇంత బలము కలదు. వరుని వారి సమాజము మాత్రము కాదనును. వారి నమ్మకము ప్రకారము అనక తప్పదు. ఈ రెంటిని కలుపు మధ్యమార్గమొకటి మాకు కానరాలేదు. కలదని చెప్పి ఆ తండ్రిని మభ్యపెట్టలేము.

ఒక సంగతి మాత్రము ఆయన భయమును తగ్గింపవచ్చును. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము క్రైస్తవుడెవడన్నచో క్రైస్తవ మతమును అవలంబించినవాడు అనును. ఏ మాటలతో బాప్తిస్మమైనదని అడుగదు. కనుక వివాహము చెల్లుటకు రెండవ బాప్తిస్మము అవసరము లేదు. అవసరము వియ్యపువారిది.

మరియొకటి. యేసు నామమువారు చూపు పేతురు ప్రసంగములోనే బాప్తిస్మమునకు ముందు మారుమనస్సు కలదు. అది పొందువాని సొంతము కావలెనని వారే అందరికంటె గట్టిగా బోధింతురు. పెండ్లి తేదీ కొరకు నీట దిగినదానిని వారి బోధకుడే బాప్తిస్మమని ఒప్పవలెనన్నచో కొంత ఆలోచింపవలసి వచ్చును. ఈ మాటను వరుని తండ్రితో కాక, ఆ బోధకునితోనే నెమ్మదిగా కదిలించి చూడుమని మేము జవాబు వ్రాసితిమి. మదనపల్లె పాస్టరుగారిని కలసి బాప్తిస్మపు రిజిస్టరునుండి నకలు తెచ్చుకొనుమనియు వ్రాసితిమి. అందులో తేదీ, తలిదండ్రుల పేళ్లు, ఇచ్చినవారి వ్రాలు ఉండును.

జాబును మేము రెండుమూడుమార్లు చదివితిమి. వరుని తండ్రి మాట, మేనత్త మాట, ఊరిపెద్దల మాట, ఆయన సొంత దిగులు, అన్నియు రెండు పుటలనిండ కలవు. ఆ పిల్ల ఏమనుచున్నదో ఒక్క పంక్తియు లేదు. ఆమెకు చదువు వచ్చునని జాబులోనే ఉన్నది గనుక, ఈమారు ఆమెనే వ్రాయుమనుడని కోరి కవరులో తపాలా బిళ్ల పెట్టి పంపితిమి.